అంచు మీది రంగు

పొద్దున ఏడు గంటల వేళ. మేస్త్రి గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. పక్కన చాప మీద ఆరేళ్ల మనవరాలు కాగితపు ముక్కలు ముందేసుకుని కూర్చుంది. గవదబిళ్ళలతో మూడు రోజులు మంచం మీదున్న పిల్ల ఇవాళే లేచింది. బుగ్గలింకా పూర్తిగా దిగలేదు గానీ నోరు మాత్రం ముందే లేచింది.

మేస్త్రి అచ్చాఫీసులో కాగితం కోసేవాడు. మంచమంత మిషను, దానికి రెండు మూరల పొడుగు కత్తి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ కత్తి ముందే నిలబడ్డాడు. పెద్ద షీటుగా అచ్చయి వచ్చినదాన్ని ముక్కలు కోసి, అంచులు సరిచేసి ఇవ్వడం అతని పని. ఆ అంచుల్లోంచి గుప్పెడు సన్నటి ముక్కలు రోజూ సాయంత్రం జేబులో పెట్టుకుని వస్తాడు. పిల్ల వాటితో బుల్లి చాపలు అల్లుతుంది.

"తాతా, ఈ సున్నాలో కూడిక గుర్తేంటి?"

"రిజిస్టర్ గుర్తు. రంగులన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయో లేదో అది చెబుతుంది."

"కూర్చోకపోతే?"

"బొమ్మలో మనిషికి రెండు ముక్కులొస్తాయి."

పిల్ల కిలకిలా నవ్వి ఇంకో ముక్క తీసింది. "మరి మూలనున్న ఈ సన్న గీతలు?"

"అవి నావి. కోత గుర్తులు. కత్తి అక్కడ దిగాలి."

"రంగు గీత దాటి బయటికొచ్చేసింది! తప్పు కదా?"

"తప్పు కాదే పిల్లా. దాన్ని బ్లీడు అంటారు. కత్తి వెంట్రుకవాసి జరిగినా తెల్లంచు కనపడకూడదని రంగును గీత దాటించి అచ్చేస్తారు. ఆ దాటిందే కోస్తే నీ చేతికొచ్చింది."

మేస్త్రి మామూలుగా ఇన్ని మాటలు మాట్లాడేవాడు కాదు. రోజు మొత్తం మీద మాట్లాడే మాటలన్నీ ఈ పిల్లకే ఖర్చుపెడతాడని కోడలు అంటుంటుంది.

"తాతా, ఆకుపచ్చవి అయిపోయాయి. సాయంత్రం ఇంకొన్ని తే. నీలం నాకొద్దు, బోలెడున్నాయి."

"ఆకుపచ్చ ఎక్కడిదే? నిన్న తెచ్చినవన్నీ నీలమే."

"పో తాతా! వేళాకోళం." పిల్ల రెండు చేతులతో రెండు కుప్పలు చూపించింది. "ఇవి నీలం. ఇవి ఆకుపచ్చ. ఇదిగో, చాపలో ఒకటి విడిచి ఒకటి అల్లాను చూడు."

మేస్త్రి చూశాడు. చాప అంతా ఒకే రంగు.

గ్లాసు మెట్టు మీద పెట్టి, ఆ కుప్పలోంచి ఒకటి, ఈ కుప్పలోంచి ఒకటి తీసుకుని ఎండలోకి వెళ్లాడు. ఒక కన్ను మూసి చూశాడు. రెండో కన్ను మూసి చూశాడు. దూరం పెట్టాడు, ముక్కు దగ్గరికి తెచ్చాడు. రెండూ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి.

"నిజం చెప్పు తల్లీ. ఇది ఏ రంగు?"

"ఆకుపచ్చ. ఆకులా లేదూ?" తాత మొహం చూసి పిల్ల నవ్వు ఆపేసింది.

మేస్త్రి గోడ పట్టుకున్నాడు.

నిన్న మధ్యాహ్నం కోసింది మందుల కంపెనీ కాగితాలు. మాత్రల పెట్టెలో మడిచి పెడతారు చూడండి, చీమ తలకాయంత అక్షరాలతో, ఆ పల్చటి కాగితాలు. ఒకే షీటులో రెండు మందులవి కలిపి అచ్చేశారు. షీటు ఎడమ సగం గుండె మాత్రది, కుడి సగం జ్వరం మాత్రది. కొలత ఒకటే, అక్షరాలు ఒకటే తీరు. మూల మీద వేలెడంత రంగు పట్టీ ఒక్కటే తేడా. గుండెకు నీలం, జ్వరానికి ఆకుపచ్చ. షీట్లు దింపేటప్పుడు ఫోర్‌మన్ మరీ మరీ చెప్పాడు. "జాగ్రత్త మేస్త్రీ, ఇది పెళ్లి పత్రిక కాదు. గుండె మాత్ర రోజుకి సగమే. జ్వరం మాత్ర రోజుకి మూడు. అటుదిటు అయిందంటే మనం అచ్చేసింది మందు కాదు, విషం."

ముప్ఫై ఏళ్లలో మేస్త్రి ఏదీ అటుదిటు చెయ్యలేదు. మధ్యకి కోశాడు. ఎడమ కట్ట ఎడమ బల్ల మీద, కుడి కట్ట కుడి బల్ల మీద. కట్టకి ఐదు వందలు. అలా ఇరవై కట్టలు ఇటు, ఇరవై అటు. ఆఖరి కట్ట పెడుతుంటే మోచెయ్యి తగిలి రెండు గుట్టలూ పైనుంచి జారి కలిసి నేల మీద పడ్డాయి. ఆ కాగితం పట్టులాంటిది, నిలవదు. పడ్డవి ఎనిమిదో పదో. వంగి, ఒక్కో కట్టా తీసి, మూల రంగు చూసి, ఇది ఇటు ఇది అటు అని మళ్లీ ఇరవై, ఇరవై లెక్కకి సర్దాడు. ఎడమ గుట్ట అంచులు కోశాడు. ఆ అంచుల్లోంచే గుప్పెడు ముక్కలు జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కుడి గుట్ట కోశాడు.

ఎడమ గుట్ట ముక్కలు. అన్నీ నీలమే ఉండాలి. పిల్ల ముందు ఆకుపచ్చ కుప్ప ఉంది.

అంటే గుండె మాత్రల గుట్టలో జ్వరం కాగితాలు కలిశాయి. ఎవరో ముసలాయనో, ముసలమ్మో పెట్టె విప్పి, కాగితం కొడుకు చేతికిచ్చి చదవమంటారు. రోజుకి మూడు అని చదువుతాడు కొడుకు. 

"మామయ్యా, టీ చల్లారిపోయింది," అంది కోడలు లోపల్నుంచి వచ్చి. ఆమెది కూడా ఆ అచ్చాఫీసే. ప్లేట్ల గదిలో కంప్యూటరు ముందు కూర్చుని, ఏ పేజీ షీటులో ఎక్కడ పడాలో పేర్చి, అచ్చు ప్లేటు తీసే పని. పిల్లకి బాగాలేక మూడు రోజులు సెలవు పెట్టి ఇవాళ మళ్లీ వెళుతోంది. "అదేంటి, మొహం అలా ఉంది? మీకూ గవదలు తగిలాయా?"

"ఏం లేదు. నేను ముందెళతాను."

"ఎనిమిదన్నా కాలేదు!"

మేస్త్రి అప్పటికే చెప్పులు వేసుకున్నాడు. తేలు కుట్టిన దొంగ ఎక్కడైనా అరుస్తాడా? రెండు ముక్కలు జేబులో వేసుకుని బస్సెక్కాడు.

దారంతా రంగులే చూశాడు. దుకాణాల తలుపులు, ఆడవాళ్ల సంచులు, ముందు సీటు రేకు. ఇది నీలమా? పక్కనున్నాయన్ని అడుగుదామని నోరు తెరిచి మూసుకున్నాడు. అడిగితే పిచ్చివాడనుకుంటాడు, అది పోనీ. అచ్చాఫీసులో అడిగితే మాత్రం కత్తి పోతుంది. కత్తి ముందు నిలబడేవాడికి చూపు తగ్గిందని తెలిస్తే ఆ పూటే దింపేస్తారు. దింపడం న్యాయమే. తనకంటే ముందున్న మేస్త్రి రెండు వేళ్లు పోగొట్టుకుని దిగాడు. ఆ రోజు ఆ వేళ్లు కాగితంలో చుట్టింది తనే.

దిగిపోతే తనేమిటి? మూడో తరగతి దాటని మనిషి, మాట రాని మనిషి. ఆ కత్తి చప్పుడొక్కటే ఇన్నాళ్లూ తన తరఫున మాట్లాడింది.

ఎవరికీ తెలియకుండా తనే సరిదిద్దుకుంటే? వ్యాను పదింటికి వస్తుంది. రెండు గంటలుంది. మూటలు విప్పి, తప్పు మూటలు పట్టుకుని, చీటీలు మార్చి మళ్లీ కట్టేస్తే చాలు. బస్సు దిగేసరికి గుండె కాస్త కుదుటపడింది. అచ్చాఫీసు రేకు తలుపు పక్కన కట్టకొకటిగా గోధుమరంగు కాగితంలో చుట్టిన మూటలు చూడగానే మళ్లీ పైకెగిరింది. తప్పు మూట ఏదో చూసి చెప్పాల్సింది ఆ కళ్లే కదా.

ఒక మూట విప్పాడు. పైకాగితం తీసి వెలుతురులోకి పట్టాడు. అక్షరాలు చీమల బారులా కదిలాయి. పట్టీ జేబులోని రెండు ముక్కల పక్కనా పెట్టి చూశాడు. దీనిలానూ ఉంది, దానిలానూ ఉంది. ఇంకో మూట విప్పాడు. అంతే.

"ఏంటన్నయ్యా! నా మూటలు విప్పుతున్నావు?"

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. మూటలు కట్టే ఆవిడ. అచ్చాఫీసు మొత్తానికీ మూటలత్త. అన్నం గిన్నె చేతిలో పట్టుకుని నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"కోత చూసుకుంటున్నా."

"ముప్ఫై ఏళ్ల తర్వాత ఇవాళ అనుమానమొచ్చిందా? మా ఆయనా ఇంతే. నేను పెట్టె సర్దితే విప్పి మళ్లీ సర్దుతాడు. సర్దాక తాళం పట్టదు."

"నువ్వు... కట్టేటప్పుడు కాగితం చూస్తావా?"

"కాగితమెందుకు చూస్తాను? ఎడమ బల్ల మీదవి గుండె చీటీ, కుడి బల్ల మీదవి జ్వరం చీటీ. బల్ల మీద పెట్టింది నువ్వు. నిన్ను నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతాను?"

ఆ మాట కత్తికంటే లోతుగా దిగింది. ఇది ఏ రంగమ్మా అని అడగడం ఎంతసేపు? కానీ మూటలత్త చెవిలో పడ్డ మాట వీధి చివర టీకొట్టు దాకా ఆగదు.  రెండు కాగితాలు గుప్పిట్లో పట్టుకుని లేచి ప్లేట్ల గదిలోకి నడిచాడు.

ఆ గదిలో బల్ల మీద దీపం, దాని పక్కన చిన్న భూతద్దం ఉంటాయి. అచ్చు పడ్డ రంగుని దాంట్లోంచి చూస్తే రంగు కనపడదు, చుక్కలు కనపడతాయి. మేస్త్రి కాగితం మీద భూతద్దం పెట్టి వంగాడు. నీలం చుక్కలు. రెండో కాగితం మీద పెట్టాడు. నీలం చుక్కలే. ఎంతసేపు వంగాడో తెలియదు, నడుం పట్టేసింది. గోడ గడియారం తొమ్మిది కొట్టింది.

"మామయ్యా, ఇక్కడున్నారేంటి?"

కోడలు. తలుపు దగ్గర సంచి భుజాన వేసుకుని నిలబడింది. మేస్త్రి లేవబోయి కుర్చీ తన్నుకుని మళ్లీ కూలబడ్డాడు. రెండు కాగితాలూ ముందుకు తోశాడు.

"ఇవి ఏ రంగు?"

ఆమె కాగితాలు చూడలేదు. ఆయన్ని చూసింది. మెల్లగా తలుపు మూసి దగ్గరికొచ్చింది.

"ఇది నీలం. ఇది ఆకుపచ్చ. రెండూ ఎక్కడివి?"

"రెండూ గుండె మాత్ర మూటల్లోంచే తీశాను."

మిగిలింది చెప్పడానికి మేస్త్రికి పది మాటలు పట్టాయి. ఆ పదీ బయటికి రావడానికి చాలా సేపు పట్టింది. కోడలు సంచి బల్ల మీద పడేసింది.

"అంచు మీద గుర్తుల్లేవా? ఎడమ పక్క గుండ్రం, కుడి పక్క ముక్కోణం?"

"ఈసారి లేవు."

మేస్త్రికి ఆ గుర్తులు తెలుసు. ఏడాదిగా రెండు జాబులు, అంటే రెండు అచ్చు పనులు, కలిపిన ప్రతి షీటుకీ కోతలో పోయే అంచు మీద గోరంత గుండ్రం, గోరంత ముక్కోణం ఉంటున్నాయి. ఎవడో బుద్ధిమంతుడు పెట్టిన కొత్త పద్ధతి అనుకున్నాడు. కట్ట పట్టుకోగానే చూపు వాటి మీదికే పోయేది. రంగు చూసి ఎన్నాళ్లయిందో ఇవాళ్టిదాకా అతనికే తెలియదు.

"అవి నేను పెట్టేదాన్ని," అంది కోడలు. "మీకోసం."

"నాకోసమా?"

"నిరుడు వానలకి ముందు, నీలం బక్కెట్ తెమ్మంటే ఆకుపచ్చది తెచ్చారు. మర్నాడు మళ్లీ అంతే. మూడో రోజు పాపతో బంతులాడుతూ మళ్లీ రంగు తప్పు చెప్పారు. అప్పుడర్థమైంది." ఆమె భూతద్దం తీసుకుని ఆకుపచ్చ పట్టీ మీద పెట్టింది. "మన మిషనులో ఆకుపచ్చ సిరా వేరే ఉండదు మామయ్యా. నీలం చుక్కల మధ్య పసుపు చుక్కలు పడితే అది ఆకుపచ్చ. మీకు ఆ పసుపు చుక్కలు కనపడుతున్నాయా?"

మేస్త్రి వంగి చూశాడు. "తెల్ల కాగితం కనపడుతోంది."

"తెల్లగానే ఉందా?"

కాగితాన్ని గోటితో గీరి అన్నాడు, "కాస్త పాతబడినట్టుంది. అన్ని కాగితాలూ అలానే ఉంటున్నాయి ఈమధ్య."

కోడలు కళ్లు తుడుచుకుంది. "కంటికి పొర పట్టింది. ఆస్పత్రికి రమ్మని ఎన్ని సార్లన్నాను! బాగానే ఉన్నానంటారు. పైన ఎవరికైనా చెబితే మిమ్మల్ని కత్తి దగ్గర్నుంచి దింపేస్తారు. దిగితే మీరు బతకరనిపించింది. అందుకే గుర్తులు పెట్టా. ఎవరికీ చెప్పలేదు. ఈ మూడు రోజులూ నా కుర్చీలో కూర్చున్న బయటి మనిషికీ చెప్పలేదు. ఎలా చెబుతాను? తప్పు నాది."

"కోసింది నేను."

"పేర్చడంలో పొరపాటని చెబుతాను. సెలవుకి ముందు నేనే పేర్చానంటాను. మీ పేరు రాదు."

"వద్దు."

"మామయ్యా..."

"నీ పేరు పోతే నీకింకా ముందున్న ముప్ఫై ఏళ్ల పనీ పోతుంది. నాదెంత?"

బయట హారన్ మోగింది. ఇద్దరూ గడియారం చూశారు. పది కాలేదు. వ్యాను ముందే వచ్చింది.

మేస్త్రి అంత జోరుగా నడవడం ఆ అచ్చాఫీసులో ఎవరూ చూడలేదు. రేకు తలుపు ఎత్తి ఉంది. డ్రైవరూ మూటలత్తా అప్పటికే సగం మూటలు లోపలికి ఎక్కించారు. ఫోర్‌మన్ కాగితం మీద సంతకం పెడుతున్నాడు. అతన్ని వెనకాల అందరూ గడియారం అంటారు. పెళ్లాం పేరైనా మరిచిపోతాడు గానీ బండి వేళ మరిచిపోడు.

"బండి పంపొద్దు," అన్నాడు మేస్త్రి.

"ఎందుకు? అరగంట ముందొచ్చిందని ఇప్పుడే సంబరపడుతున్నా."

"కాగితాలు కలిసిపోయాయి. గుండెవీ జ్వరంవీ. కలిపింది నేను."

ఫోర్‌మన్ నవ్వబోయాడు. "నువ్వా? ఊరుకో మేస్త్రీ. నీకు హాస్యాలు చేతకావు."

"నీలానికీ ఆకుపచ్చకీ నాకు తేడా తెలియడం లేదు. ఏడాది పైనే అయింది."

అచ్చు మిషను ఆగలేదు గానీ మనుషులు ఆగిపోయారు. అందరి చూపులూ మేస్త్రి చేతుల మీదికి పోయాయి, పది వేళ్లూ ఉన్నాయో లేదో లెక్కపెడుతున్నట్టు. మేస్త్రి మెడలోంచి కత్తి మిషను తాళంచెవి తాడుతో సహా తీసి ఫోర్‌మన్ సంతకం పెడుతున్న కాగితం మీద పెట్టాడు. ఎవరూ అడక్కముందే.

"దింపండి!" ఫోర్‌మన్ అరుపు మిషను చప్పుడుని మింగేసింది. "అన్నీ దింపండి! విప్పండి!"

మూటలు మళ్లీ నేలకి దిగాయి. కోడలూ మూటలత్తా మోకాళ్ల మీద కూర్చుని ఒక్కోటీ విప్పారు. పైకాగితం, మధ్య కాగితం, అడుగు కాగితం చూసి పక్కన పెట్టారు. మేస్త్రి గోడకానుకుని నిలబడ్డాడు. సాయం చేద్దామంటే కళ్లు పనికిరావు.  జ్వరం చీటీ అంటించిన మూటల్లో గుండె కాగితాలు దొరికాయి. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

"నాలుగు," అంది కోడలు. "ఇవి పర్వాలేదు. జ్వరం మాత్ర సగం వేసుకుంటే జ్వరం తగ్గదు, అంతే. అసలు భయం రెండో రకంతోనే."

గుండె చీటీ మూటలు విప్పారు. వాటిల్లో జ్వరం కాగితాలు. ఒకటి. రెండు. మూడు.

మూటలైపోయాయి.

"ఇంకోటుండాలి," అన్నాడు మేస్త్రి. "ఇటు నాలుగొస్తే అటు నాలుగు పోవాలి. ఇరవై ఇటు, ఇరవై అటు కోశాను."

మూటలత్త లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. గుండె చీటీ మూటలు పందొమ్మిది. ఆవిడ చెయ్యి నోటి మీదికి పోయింది.

"నిన్న సాయంత్రం... కంపెనీ మనిషి బండి మీదొచ్చాడు. పొద్దున్నే పని మొదలెట్టాలి, ఒక మూటన్నా ఇమ్మన్నాడు. పైనున్నది తీసిచ్చా."

"ఏ మూట?"

"గుండెది, అన్నయ్యా."

 ఐదు వందల కాగితాలు. ఐదు వందల పెట్టెలు. ఫోర్‌మన్ ఫోను తిప్పుతున్నాడు. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. మళ్లీ తిప్పాడు.

"పనిగది లోపలుంటుంది, ఫోను ముందు గదిలో ఉంటుంది," అన్నాడు డ్రైవరు. "ఎక్కండి. పావుగంటలో దింపుతా."

కోడలు ఎక్కింది. మేస్త్రి ఎక్కబోతే ఫోర్‌మన్ "నువ్వెందుకు?" అన్నాడు. మేస్త్రి ఎక్కి తలుపు వేసుకున్నాడు.

ఆ పావుగంట తెల్లవార్లూ సాగినట్టు సాగింది. ప్రతి కూడలిలోనూ ఎర్రదీపం. డ్రైవరు ఆగినప్పుడల్లా మేస్త్రి తన ముందు లేని పెడల్ని కాలితో నొక్కుతున్నాడు. రోడ్డు దాటుతున్న ముసలివాళ్లందర్నీ చూశాడు. చెయ్యి గుండె మీద పెట్టుకుని నడిచే ఒకాయన కనపడితే అటు చూడలేక మొహం తిప్పుకున్నాడు.

"పెట్టెలు బయటికి పోయుంటే?" అన్నాడు.

"పోయుండవు మామయ్యా."

"పోయుంటే?"

కోడలు ఆయన చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి కూడా చల్లగానే ఉంది.

మందుల కంపెనీ పనిగది పొడుగాటి రేకుల షెడ్డు. తలలకు గుడ్డ టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని కాగితం మడిచి, మాత్రల అట్టతో పాటు పెట్టెలో తోసి మూత వేస్తున్నారు. వాళ్ల వేళ్లు చూస్తే కంటికి ఆనవు, అంత వడి. కోడలు తలుపులోంచే అరిచింది.

"గుండె మాత్ర పెట్టెలు ఎవరు కడుతున్నారు? ఆపండమ్మా!"

బల్ల చివర ఉన్న లావుపాటావిడ తల ఎత్తింది. "అచ్చాఫీసు వాళ్లేనా? రండి రండి. మీ కోసమే తిట్లు మూట కట్టి ఉంచా." ఆవిడ ముందు విప్పిన మూట ఉంది, పక్కన ఖాళీ పెట్టెలున్నాయి. "పెట్టె మీద నీలం పట్టీ, కాగితం మీద ఆకుపచ్చ పట్టీ. ఏంటమ్మా ఈ పెళ్లి? అది చూసే ఆపేశా."

మేస్త్రి ముందుకొచ్చాడు. "ముందే చూశావా? మొదటి పెట్టెకే?"

ఆవిడ తిట్టబోయి, ఆయన మొహం చూసి మానేసింది. "మొదటిదానికే ఎక్కడ చూస్తాం, పెద్దాయనా? చెయ్యి పోతూనే ఉంటుంది. ఓ నలభై అయ్యాక కంటికి తగిలింది. అదుగో, ఆ ట్రేలో ఉన్నాయి."

"ట్రే ఇక్కణ్నించి కదిలిందా?"

"లేదు."

ముగ్గురూ ట్రే మీద పడ్డారు. మూతలు విప్పి కాగితాలు లాగారు. రంగు చూడాల్సిన పని లేదు ఇందులో, అన్నీ తప్పువే, అందుకని మేస్త్రి కూడా విప్పాడు. పెట్టె విప్పి, కాగితం తీసి, అంచు అంచుకి కలిపి పేర్చాడు. నలభై మూడు. బల్ల మీద మిగిలినవి కోడలు లెక్కపెట్టింది. నాలుగు వందల యాభై ఏడు. ఆ మాట విన్నాక కూడా మేస్త్రి నమ్మలేదు. మళ్లీ లెక్కపెట్టమన్నాడు. ఆమె మళ్లీ లెక్కపెట్టింది. ఐదు వందలు.

మేస్త్రి ఒక ఖాళీ డబ్బా మీద కూలబడ్డాడు. లావుపాటావిడ మంచినీళ్లిచ్చింది. 

తిరిగి వచ్చేటప్పుడు తప్పు మూట ఆయన ఒళ్లో ఉంది. రెండు చేతులతో పట్టుకున్నాడు, పసిపిల్లని పట్టుకున్నట్టు. డ్రైవరు ఈల వేస్తున్నాడు. కోడలు చాలాసేపటి తర్వాత నవ్వింది.

"అయిపోయింది మామయ్యా. ఒక్కటీ బయటికి పోలేదు. రేపు కంటి ఆస్పత్రికి వెళదాం. ఆ పొర తీసేస్తారు, చిన్న పని. తీశాక మళ్లీ కత్తి ఇమ్మని అడుగుదాం గడియారాన్ని. ఇస్తాడో లేదో చూద్దాం."

మేస్త్రి తల ఊపాడు. కిటికీలోంచి చూస్తున్నాడు. 

"బక్కెట్ ఎప్పుడన్నావు?"

"నిరుడు. వానలకి ముందు."

"గుర్తులు పెట్టింది?"

"ఆ వారంలోనే."

"బక్కెట్‌కి ముందు?"

కోడలికి అర్థం కాలేదు. "ముందు ఏంటి?"

"పొర ఒక్కరోజులో పట్టదు కదా. బక్కెట్ ఆ రోజు నువ్వు చూశావు. అంతకు ముందు నెల ఉండొచ్చు. ఆరు నెలలు ఉండొచ్చు. అప్పుడు గుర్తుల్లేవు. నేను రంగు చూసే సర్దాను." మేస్త్రి వేళ్లు మూట అంచు మీద కదిలాయి. "కంటి చుక్కల మందు పెట్టెలు కోశాను. పురుగుమందు చీటీలు కోశాను, రెండు రకాలవి, ఒకే షీటు. ఏదో ఒకసారి కట్ట జారి ఉంటుంది. జారదా?"

డ్రైవరు ఈల ఆపేశాడు. 

"జాబు సంచులు ఎన్నాళ్లుంచుతారు?" అన్నాడు మేస్త్రి. ఏ పనికి ఆ పని కాగితాలూ, ఒక నమూనా ప్రతీ వేసి దాచే సంచులవి. వెనక గదిలో అల్మారా నిండా ఉంటాయి.

"రెండేళ్లు."

"వెళ్లగానే తీసి పెట్టు. ఒక్కోటీ చదివి చెప్పు."

"చదివితే ఏం తెలుస్తుంది మామయ్యా?" ఆమె గొంతు బాగా తగ్గింది. "సంచిలో దాచేది మంచి కాగితమే కదా."

మేస్త్రికి ఆ మాట తెలియక కాదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ప్రతి జాబులోంచి బాగా కోసిన ఒక కాగితం ఏరి, ఆ సంచిలో వేసింది తనే.

"అయినా తీసి పెట్టు," అన్నాడు.